ఇంజన్‌ని చివర కొనండి

మా గ్యారేజ్‌లో ఒక మూల, స్టాండ్ మీద, 1951 నాటి ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజన్ ఉండేది (ఎనిమిది సిలిండర్లు రెండు వరసల్లో, ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో ఉండే పాతకాలం రకం). దాని తుప్పంతా వదలగొట్టి, ఆకుపచ్చ రంగు వేసి, సిలిండర్లకి మూతలా ఉండే ఒక్కో హెడ్‌కి ఉన్న 24 బోల్టుల్నీ వైర్ బ్రష్‌తో తోమి, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ కాఫీ ఇవ్వకముందే దాన్ని చూపించేవాణ్ణి. రెండేళ్లు చూపించాను. ఆ రెండేళ్లూ దాన్ని పెట్టాల్సిన కారుకి బ్రేకులు లేవు, స్టీరింగ్ లేదు, నాలుగు చక్రాల మీద సరిగ్గా నిలబడే ఫ్రేము కూడా లేదు. ఒకసారి వీడియో కాల్‌లో మా బాబాయికి చూపిస్తే, ఫోను అటూ ఇటూ తిప్పమని తీరిగ్గా చూసి, "బాగుందిరా. మరి బండేదీ?" అన్నాడు.

బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. నేను ఒహాయోలో, కొలంబస్ దగ్గర, అందరిలాగే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు గ్యారేజ్‌లో దూరిపోతుంటాను. అమెరికాలో హాట్ రాడ్ అంటే 1920, 30ల నాటి కారు తీసుకుని, అక్కర్లేని బరువంతా విప్పేసి, ఫ్రేము కిందికి దించి, పెద్ద ఇంజన్ పెట్టి వేగంగా పరిగెత్తేలా మార్చుకున్న బండి. నాది 1930 మోడల్-ఏ, ట్యూడర్ సెడాన్. అంటే రెండు తలుపులది. ఒక పొలంలో పాకలాంటి షెడ్డులో ఎలకలు కాపురం చేస్తుండగా కొన్నాను. ఇంజన్ లేదు, నేల రేకు లేదు, పైకప్పు చెక్క పుచ్చిపోయింది. (ఆ కాలంలో సెడాన్‌కి కూడా పైన మధ్య భాగం రేకు ఉండేది కాదు, చెక్క బద్దల మీద గుడ్డ పరిచేవాళ్లు. నాకు అది కొన్నాక తెలిసింది.)

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఇంట్లో, రెండు కార్ల గ్యారేజ్‌లో, సాయంత్రాలూ శనాదివారాలూ తప్ప టైం దొరకని మనిషి హాట్ రాడ్ కట్టాలనుకుంటే, ఇంజన్ అన్నిటికంటే చివర కొనాలి. ఈ మాట ఇక్కడి మిత్రులతో అంటే సగం మంది నవ్వుతారు, మిగతా సగం మంది తమ గ్యారేజ్‌లో స్టాండ్ మీదున్న ఇంజన్ గుర్తొచ్చి మాట మారుస్తారు.

నమ్మకపోతే సగం కట్టి అమ్మేస్తున్న కార్ల ప్రకటనలు ఒక వారం చదివి చూడండి. ఫోటోలో ఇంజన్ తళతళలాడుతుంటుంది. కొత్తగా బోరు కొట్టించాం (అంటే అరిగిన సిలిండర్లని లోపల చెక్కించడం), కొత్త పిస్టన్లు, ఒక్క మైలు కూడా తిరగలేదు అని రాసి ఉంటుంది. ఆ చివరి మాట గొప్పగా చెప్పుకుంటారు గానీ, అసలు జబ్బు అదే. కింద చిన్న అక్షరాల్లో, బ్రేకు లైన్లు వెయ్యాలి, స్టీరింగ్ కాలమ్ కుదరలేదు, వైరింగ్ కిట్ డబ్బాలో ఉంది, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, చోటు లేక అమ్ముతున్నాం. ఇంజన్ లేక ఆగిపోయిన కారు ప్రకటన నాకు అరుదుగా కనపడింది. బ్రేకులు లేక ఆగిపోయినవి మాత్రం కుప్పలు.

ఈ అలవాటు మనకి ఎలా అబ్బిందో నాకొక అనుమానం ఉంది. పాత కథని మనం సగమే చదువుకున్నాం.

ఆ కథ దక్షిణ కాలిఫోర్నియాలో మొదలైంది. ఫోర్డ్ కంపెనీ 1908 నుంచి 1927 దాకా మోడల్-టీ కార్లు కోటిన్నర పైగా తయారుచేసింది, ఆ తర్వాత 1931 దాకా మోడల్-ఏలు దాదాపు 48 లక్షలు. మాంద్యం రోజులు వచ్చేసరికి ఇవి సెకండ్ హ్యాండ్‌లో కారుచౌక. కుర్రాళ్లు వాటిని కొనుక్కుని, లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన మొహావీ ఎడారిలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద ఎవడిది ఎంత వేగమో తేల్చుకునేవాళ్లు. అక్కడ నేల బల్లపరుపుగా, గట్టిగా ఉంటుంది. గొడవలూ ప్రమాదాలూ ఎక్కువై, పద్ధతి ప్రకారం టైం కొలవడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నారు. మధ్యలో 1932లో ఫోర్డ్ చవక కారులో వీ8 ఇంజన్ తెచ్చింది. మోడల్-ఏ ఇంజన్ 40 హార్స్‌పవర్ అయితే ఇది 65. అదే ఫ్లాట్‌హెడ్. 1953 దాకా అమెరికాలో ఫోర్డ్ కార్లలో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లలో చాలామందికి వెల్డింగో, లేత్ పనో, ఇంజన్ పనో చేతికొచ్చింది. 1948 జనవరిలో హాట్ రాడ్ పత్రిక మొదలైంది, మరుసటి ఏడు యూటాలో బోనవిల్ ఉప్పునేల మీద స్పీడ్ వీక్ మొదలైంది.

ఇదంతా అందరూ చెప్పుకునేదే. ఎవరూ ఆగి చూడనిది ఏమిటంటే, ఆ కుర్రాళ్లు మొదలుపెట్టింది నడుస్తున్న కారుతో. ఎంత డొక్కుదైనా అది నడిచేది, తిరిగేది, ఏదో ఒకలా ఆగేది కూడా. చాలామంది అదే కారు నడుపుకుంటూ ఎడారికి వెళ్లి, అక్కడ ఫెండర్లూ హెడ్‌లైట్లూ విండ్‌షీల్డూ విప్పి పక్కన పెట్టి, రేసు అయ్యాక మళ్లీ బిగించుకుని అదే కారులో ఇంటికొచ్చి, సోమవారం దాంట్లోనే పనికి వెళ్లేవాళ్లు. కార్బ్యురేటర్ మార్చారా, ఒక్క కార్బ్యురేటరే. వచ్చేనెల జీతానికి కామ్‌షాఫ్ట్. ఒక్కో మార్పూ నడుస్తున్న బండి మీద. కాబట్టి వాళ్లకి ఇంజన్ మొదట రావడం సహజం, మిగతాదంతా అప్పటికే ఉంది కదా. మన చేతిలో ఉన్నది ఎలకలు కాపురం చేసిన రేకు డబ్బా. మనం వాళ్ల మొదటి అడుగుని పట్టుకుని మన మొదటి అడుగు చేసుకున్నాం.

పత్రికల పాత్ర కూడా కొంత ఉందనుకుంటాను. ఏ సంచిక తిప్పినా ఇంజన్ గురించే. మానిఫోల్డు అమ్మేవాడు ప్రకటన ఇస్తాడు, అల్యూమినియం హెడ్లు అమ్మేవాడు ఇస్తాడు. బ్రేకు గొట్టం వంచడం గురించి రెండు పేజీల ప్రకటన ఎవడిస్తాడు?

ఇక్కడే నాకు ఆటోనగర్ గుర్తొస్తుంది. చిన్నప్పుడు హైవే మీద చూసే ఉంటారు, జంషెడ్‌పూర్ నుంచో హోసూరు నుంచో వచ్చే కొత్త లారీ చాసిస్‌లు. క్యాబిన్ ఉండదు, తలుపుల్లేవు, ముందు మొహం ఒక్కటే ఉంటుంది. డ్రైవరు చెక్క సీటు మీద కూర్చుని, తలకీ మూతికీ తువ్వాలు చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, దుమ్ములో వందల కిలోమీటర్లు తోలుకొచ్చేవాడు. ఆ చాసిస్ షెడ్డుకి వచ్చేసరికే నడుస్తుంది, తిరుగుతుంది, ఆగుతుంది. ఆ తర్వాతే క్యాబిన్, చెక్క, రేకు, రంగులు, వెనక నిమ్మకాయలూ సామెతలూ. అందుకే బాబాయి "బండేదీ" అని అడిగాడు. ఆయన దృష్టిలో ఆగగలిగేది ఏదో అది బండి. నేను చూపించింది ఒక సామాను.

ఇప్పుడు ఆ సామాను సంగతి. ఒక స్వాప్ మీట్‌లో, అంటే పాత సామాన్ల సంతలో, 1,800 డాలర్లకి కొన్నాను. చేత్తో తిప్పితే తిరిగింది, అదే పరీక్ష అనుకున్నాను. రెండేళ్ల తర్వాత, బోరు కొట్టించే ముందు చూపిద్దామని ఒక మెషిన్ షాపుకి తీసుకెళ్లాను. అక్కడ బ్లాకుకి, అంటే సిలిండర్లన్నీ ఉండే ఇంజన్ దిమ్మకి, అయస్కాంతం పెట్టి ఇనుప పొడి చల్లుతారు, పగులు ఉంటే పొడి ఆ గీత వెంబడి పేరుకుంటుంది. మూడు చోట్ల పేరుకుంది. వాల్వు సీటు నుంచి సిలిండర్ దాకా. షాపాయన ఏమీ అనకుండా పసుపు చాక్‌తో మూడు గీతలు గీసి నా వంక చూశాడు.

ఫ్లాట్‌హెడ్‌కి ఇది పుట్టుకతో వచ్చిన రోగం. వాల్వులు హెడ్డులో కాకుండా బ్లాకులోనే, సిలిండర్ల పక్కనే ఉంటాయి. పొగ వెళ్లే దారి బ్లాకు లోపలి నుంచి, నీళ్లు తిరిగే చోట్ల మధ్య నుంచి బయటికి రావాలి. ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకి మూడే ద్వారాలు, మధ్య రెండూ ఒకదాన్నే పంచుకుంటాయి. ఆ వేడంతా ముందు బ్లాకుకీ నీళ్లకీ ఎక్కుతుంది. డెబ్భై ఏళ్లపాటు ఎవరో నీళ్లు తక్కువ పోసి, ఎవరో చలికాలంలో నీళ్లు తీయడం మర్చిపోయి నడిపిన బ్లాకు పగలకుండా ఉంటే అది వింత. అతుకు వెయ్యొచ్చు గానీ, మూడు పగుళ్లకి అయ్యే ఖర్చుకి ఇంకో మంచి బ్లాకు వస్తుంది. అమ్మినవాణ్ణి తిట్టుకోవడానికి కూడా లేదు, అడిగితే చెప్పేవాడేమో, నేను అడగలేదు. నేను రంగు వేస్తున్నాను అప్పటికే, మనసులో.

పగులు లేని ఇంజనే దొరికినా నా వాదన మారదు. బోరు కొట్టించి, కొత్త రింగులు వేసి, బిగించి ఉంచిన ఇంజన్ నాలుగైదేళ్లు గ్యారేజ్‌లో ఊరికే కూర్చుంటే ఏమవుతుంది? ఒహాయోలో ఎండాకాలం గాలిలో చెమ్మ, చలికాలం మంచు. తెరిచి ఉన్న వాల్వు దారిన తేమ వెళ్లి సిలిండర్ గోడ మీద తుప్పు గీత పడుతుంది. బిగించేటప్పుడు రాసిన నూనె కారిపోతుంది. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. చివరికి కారు సిద్ధమయ్యేనాటికి ఇంజన్ మళ్లీ విప్పాలి. డబ్బు మాట సరేసరి. మొదటి ఏడాదే మొత్తం బడ్జెట్‌లో పెద్ద ముక్క స్టాండ్ మీద కూర్చుంటే, తర్వాత వచ్చే వంద చిన్న ఖర్చుల దగ్గర, ఒక్కోటీ నలభై, అరవై డాలర్లవి, చెయ్యి వెనక్కి వస్తుంది. పని ఆగేది అక్కడే.

దీనికి ఎదురు మాట ఒకటి ఉంది, అది బలమైనదే. మా గుంపులో ఎనభైకి దగ్గర పడ్డ పెద్దాయన ఒకరున్నారు, తన చేతులతో తొమ్మిది కార్లు కట్టిన మనిషి. ఆయన వాదన ఏమిటంటే, కారులో ప్రతిదీ ఇంజన్‌ని బట్టే ఉంటుంది. రేడియేటర్ ఎంత ముందుకి రావాలి, ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడ) కొయ్యాలా వద్దా, గేర్‌బాక్స్ కింద అడ్డబద్ద ఎక్కడ, స్టీరింగ్ కాలమ్ సైలెన్సర్ గొట్టానికి తగలకుండా ఎటు నుంచి పోవాలి, పెడల్ ఎక్కడ. ఇంజన్ లేకుండా ఇవన్నీ గాల్లో లెక్కలు అంటారు. ఒక ఆదివారం దీని మీద గంటసేపు వాదించుకున్నాం, నేను ఓడిపోయాను అనుకుని ఇంటికొచ్చాను.

గ్యారేజ్ తలుపు తీయగానే ఎదురుగా కనపడింది జవాబు. మూడు పసుపు గీతలతో, ఆకుపచ్చ రంగుతో.

కొలతలకి కావాల్సింది ఇంజన్ ఆకారం. అది మండాల్సిన పని లేదు. ఈ పనికే తేలికపాటి ప్లాస్టిక్ ఉత్తుత్తి బ్లాకులు కూడా అమ్ముతారు, పగిలిన బ్లాకు అయితే తుక్కు ధరకి వస్తుంది (నాకు మాత్రం 1,800 పడింది). లోపలి క్రాంకూ పిస్టన్లూ అన్నీ తీసేసి ఖాళీ డొల్ల చేశాను. ఇప్పుడది ఫ్రేములో కూర్చుని, దాని చుట్టూ మిగతా కారు కట్టించుకుంటోంది. పెద్దాయన వచ్చి చూసి తల ఊపారు. ఒప్పుకున్నారని మాత్రం చెప్పలేను.

సరే, ఇంజన్ చివర అయితే ముందు ఏమిటి? కాయితాలు. మోడల్-ఏ ఫ్యాక్టరీలో ఇంజన్ నంబరే తీసుకొచ్చి ఫ్రేము ఎడమ పట్టీ మీద కూడా కొట్టేవాళ్లు, కానీ అది బాడీ కింద దాక్కుంటుంది, బాడీ లేపితే గానీ కనపడదు. ఈ తొంభై ఏళ్లలో ఇంజన్లు మారిపోయి, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద ఒక నంబరు, ఫ్రేము మీద ఇంకోటి ఉన్న కార్లు చాలా ఉన్నాయి. డబ్బు ఇచ్చే ముందే బాడీ లేపి చూడండి. అమ్మేవాడు లేపనివ్వకపోతే ఇంటికొచ్చెయ్యండి.

తర్వాత ఫ్రేము. మోడల్-ఏ ఫ్రేము ఆంగ్ల అక్షరం సీ ఆకారంలో వంచిన పల్చటి ఉక్కు పట్టీ. 40 హార్స్‌పవర్ కోసం, గతుకుల మట్టిరోడ్ల కోసం, అది కొంచెం మెలితిరగాలనే చేశారు. దాని మీద వీ8 పెడితే తలుపులు బిగుసుకుపోతాయి, రేకు చిట్లుతుంది. అందుకే సీ తెరిచి ఉన్న వైపు ప్లేటు పెట్టి వెల్డింగ్ చేసి పెట్టెలా మూసేస్తారు, బాక్సింగ్ అంటారు. నేను ఒక శనివారం ఊపులో ఎడమ పట్టీ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకే వరసలో లాగించేశాను. వెల్డింగ్ గీత ఎంత అందంగా వచ్చిందంటే ఫోటో తీసి బాబాయికి పంపాను. ఆదివారం పొద్దున చూస్తే ఫ్రేము ఒక మూల అంగుళంలో మూడోవంతు పైన లేచి ఉంది. వేడికి సాగిన ఉక్కు చల్లారేటప్పుడు ముడుచుకుంటూ మొత్తం పట్టీని లాక్కుపోయింది. బాబాయి ఫోటోకి జవాబుగా, "ఒకే చోట కాల్చావేంట్రా, దోసె అనుకున్నావా" అని పెట్టాడు.

గ్రైండర్‌తో కోసి మళ్లీ మొదలుపెట్టడానికి నాలుగు వారాంతాలు పట్టింది. ఈసారి ఫ్రేముని నేలకి బిగించిన బల్ల మీద క్లాంపులతో పట్టి, ఇక్కడొక అంగుళం, అవతలి చివర ఒక అంగుళం, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఇంకో అంగుళం. ఫ్రేము సరిగ్గా ఉందో లేదో చూడటానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. తాపీ మేస్త్రీ గోడ నిలువు చూసుకునే దారం గుండు చాలు. ఫ్రేము మీద నాలుగు చోట్ల నుంచి గుండు వదిలి, అది నేల మీద ఎక్కడ ఆగితే అక్కడ చుక్క పెట్టి, ఆ చుక్కల మధ్య ఐమూల కొలతలు రెండూ సమానమా కాదా చూడాలి. గ్యారేజ్ నేలంతా సుద్దముక్క చుక్కలు చూసి మా ఆవిడ, సంక్రాంతి అయిపోయింది కదా అంది.

ఒక్క హెచ్చరిక మాత్రం సరదాగా తీసుకోకండి. బ్రేకు క్లీనర్ స్ప్రేలలో క్లోరిన్ ఉన్న రకాలుంటాయి. వాటితో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ పెడితే ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, మొదటి ప్రపంచయుద్ధంలో జనాన్ని చంపిన వాయువు అదే. డబ్బా మీద రాసింది చదవండి, తుడవడానికి వేరే ఏదైనా వాడండి.

ఇక బ్రేకులు. మోడల్-ఏకి ఇనుప కడ్డీలతో లాగే బ్రేకులు. ఫోర్డ్ కంపెనీ పక్కవాళ్లంతా నూనెతో పనిచేసే బ్రేకులకి మారాక కూడా 1938 మోడళ్ల దాకా కడ్డీలే పట్టుకు వేలాడింది. అందుకే పాత హాట్ రాడ్ కుర్రాళ్లు 1939 నుంచి వచ్చిన ఫోర్డు బ్రేకుల కోసం తుక్కు యార్డులు గాలించేవాళ్లు, నేను ఆ తర్వాతి ఎఫ్-1 పికప్ డ్రమ్ములు వేసుకున్నాను. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే నూనెని చక్రాల వైపు తోసేది) రెండు గదులది, 1967 మస్టాంగ్ మాదిరిది. ముందు చక్రాలకొకటి, వెనక వాటికొకటి, ఒక గొట్టం పగిలినా రెండోది ఆపుతుంది. పెడల్ లివర్ నిష్పత్తి ఆరుకి ఒకటి. ఇవన్నీ చదివి బుద్ధిగా చేశాను. ఇనుప గొట్టం చివర్లు రెండు మడతలుగా విప్పాలి, డబుల్ ఫ్లేర్ అంటారు, మొదటి డజను పారేశాను, పదమూడోది కుదిరింది.

అన్నీ బిగించి, గొట్టాల్లోని గాలి తీసి, పెడల్ తొక్కితే రాయిలా గట్టిగా ఉంది. మర్నాడు పొద్దున తొక్కితే నేలకి అంటుకుంది. రెండు మూడుసార్లు కొడితే మళ్లీ గట్టి. ఎక్కడా కారడం లేదు. మూడు వారాలు గాలి తీస్తూనే ఉన్నాను, మా అమ్మాయి పెడల్ తొక్కడం, నేను కింద పడుకుని నట్టు విప్పడం, ఆ పిల్లకి పద్నాలుగేళ్లు, ఓపిక నాకంటే ఎక్కువ. చివరికి తేలింది ఏమిటంటే, మామూలు కారులో మాస్టర్ సిలిండర్ ఎత్తుగా ఫైర్‌వాల్ మీద ఉంటుంది. నాది పాతకాలం పద్ధతిలో నేల కింద, ఫ్రేముకి. అంత కిందుంటే చక్రాల దగ్గరి నూనె మెల్లగా వెనక్కి జారుతుంది. అది జారకుండా లైనులో చిన్న వాల్వు పెట్టాలి, డ్రమ్ములకి 10 పీఎస్ఐది (పీఎస్ఐ అంటే ఒత్తిడి కొలత), డిస్కులకైతే 2 పీఎస్ఐది. చిటికెన వేలంత ముక్క. అది పెట్టాక ఇక కిందికి పోలేదు. ఇంజన్ ఉన్న కారులో, రోడ్డు మీద, ఒక చలి పొద్దున ఇది తెలిసి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించాలనిపించదు.

స్టీరింగ్‌కి కూడా ఇలాంటి కథే ఉంది, చిన్నగా చెప్తాను. ముందు ఇరుసు మీద కమాను (స్ప్రింగు) కారు పొడవునా కాకుండా అడ్డంగా ఉంటుంది, ఒకే ఒక్క కమాను. దానికి 1970ల షెవర్లే వేగా కారు స్టీరింగ్ బాక్స్ పెట్టడం అందరూ చేసేదే. అది చక్రాల్ని పక్కకి నెడుతుంది. కానీ కమాను రెండు చివర్లా లంకెల మీద ఊగుతుంది కాబట్టి, స్టీరింగ్ తిప్పితే చక్రం తిరగడానికి ముందు కారే పక్కకి ఒరుగుతుంది. ఇరుసుకీ ఫ్రేముకీ మధ్య ఒక అడ్డ కడ్డీ వేస్తే ఆగిపోతుంది, పాన్‌హార్డ్ బార్ అంటారు. ఒరిజినల్‌గా లేదు కదా, అందం చెడుతుంది అని అది వెయ్యనివాళ్లని చూశాను. వాళ్ల పక్క సీట్లో ఒకసారి కూర్చున్నాను కూడా. ఒకసారే.

అసలు ఇలా పాత కారుని కొయ్యడమే పాపం అనేవాళ్లున్నారు, వాళ్లతో నాకు సగం గొడవ, సగం ఏకాభిప్రాయం. ఇంజనూ ఫెండర్లూ లోపలి గుడ్డా అన్నీ ఉండి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మిగిలిన మోడల్-ఏ దొరికితే దాన్ని కొయ్యకండి. 1930లలో వాళ్లు కోసినప్పుడు అవి వీధికొకటి. ఇప్పుడు ఒకసారి కోసింది మళ్లీ రాదు. హాట్ రాడ్ కోసం మంచి రేకు కావాలంటే ఇదే ఒహాయోలో బ్రూక్‌విల్ అనే ఊళ్లో మోడల్-ఏ బాడీల్ని కొత్త ఉక్కుతో అచ్చుగుద్ది అమ్ముతున్నారు. నాది లాంటి ఎలకల డబ్బా అయితే మాత్రం, దాన్ని ఫ్యాక్టరీ స్థితికి తెస్తానని ఇరవై ఏళ్లు అట్టే పెట్టుకునే కంటే కోసి రోడ్డు ఎక్కించడం నయం.

హైదరాబాద్ నుంచి మిత్రులు ఇండియాలో కూడా ఇలా చెయ్యొచ్చా అని అడుగుతుంటారు. రోడ్డు మీద నడపాలనుకుంటే కష్టం. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని దాటి బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం. పాతదాన్ని పాతదిలాగే ఉంచుకునేవాళ్లకి 2021లో వేరే దారి వచ్చింది. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చెయ్యని బండికి 20 వేల రూపాయలు కట్టి 'వీఏ' అక్షరాల నంబరు తీసుకోవచ్చు, అయితే రోజూ తిరగడానికి కాదు. కాబట్టి అక్కడ పాత జీపో అంబాసిడరో ఉంటే, ఉన్నది ఉన్నట్టు బాగుచేసుకోండి. వరస మాత్రం ఇదే. లప్పం, రంగు, ఇంజన్ మెరుపు తర్వాత. ముందు బ్రేకులు.

ఇంజన్ ముందు కాకపోతే చేసే పనిలో మజా ఏముంది అని ఒకాయన అడిగాడు. నిజమే, బ్రేకు గొట్టం వంచానని ఎవరికీ చూపించలేం, ఇంటికొచ్చినవాళ్లు కాఫీ తాగేసి వెళ్లిపోతారు. కానీ నాకు ఫ్రేము వంకరపోయిన రోజుల కంటే బ్రేకులతో కుస్తీ పట్టిన మూడు వారాలే ఎక్కువ గుర్తున్నాయి, పక్కన మా అమ్మాయి ఉండటం వల్ల కూడా కావచ్చు.

మొన్న ఏప్రిల్లో ఒక ఆదివారం కారుని మొదటిసారి బయటికి తీశాం. ఫ్రేము మీద బాడీ కూర్చుంది, ముందు పగిలిన బ్లాకు, సీటు ఇంకా లేదు. రంగు డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాను. విండ్‌షీల్డ్ లేదు కదా అని తలకి తువ్వాలు చుట్టుకున్నాను, ఫోటో కోసం, ఒప్పుకుంటాను. మా డ్రైవ్‌వే వీధి వైపుకి బాగానే వాలి ఉంటుంది. మా ఆవిడా అమ్మాయీ వెనక నుంచి నెట్టారు, వీడియో కాల్‌లో బాబాయి. వీధి దగ్గర పడగానే పెడల్ తొక్కాను. ఎడమకి కొంచెం లాగింది, ఆ వైపు డ్రమ్ము సర్దాలి. కానీ ఆగింది, పోస్టు డబ్బాకి రెండడుగుల ఇవతల, గట్టిగా, రంగు డబ్బా కింద నుంచి జారి నేను రేకు మీద కూలబడేంత గట్టిగా.

అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే డ్రైవ్‌వే ఎత్తు కనపడింది, ఇంజన్ లేని ముప్పావు టన్ను కారు, నెట్టడానికి ముగ్గురం. ఎదురింటాయన్నీ వాళ్లబ్బాయినీ పిలవడానికి అమ్మాయి వెళ్లింది. ఫోన్లోంచి బాబాయి గొంతు వినపడుతూనే ఉంది, "ఇప్పుడు రివర్స్ గేరెయ్యరా".